కంప్యూటరు చిట్టాకు గడుల నిఘంటువు

మన సంఘములు కొన్నింటిలో సభ్యుల రిజిస్టరు, నూలు చిట్టా, మజూరి ఆవర్జా కంప్యూటరులోనికి ఎక్కి యిరువది యేండ్లు దాటినవి. ఎక్కించిన మనిషి వేరొక ఉద్యోగమునకు పోయినాడు. అప్పటి గుమాస్తా రిటైరైనాడు. లెక్కలు మాత్రము పెట్టెలో భద్రముగనే యున్నవి. కాని వానిని క్రొత్త ప్రోగ్రాములోనికి మార్చవలసి వచ్చినపుడో, గుర్తింపు కార్డులకు జాబితా పంపవలసి వచ్చినపుడో, తెర మీద కనబడు ఒక్కొక్క గడిని చూచి ‘ఇది యేమి?’ అని ఒకరి మొగమొకరు చూచుకొనవలసి వచ్చుచున్నది. లెక్క ఉండియు దాని అర్థము చెప్పువారు లేకున్న, ఆ లెక్క సభ్యునికి అక్కరకు రాదు.

ఇట్టి గడులకు అర్థములు వ్రాసిన పట్టికను కంప్యూటరు వారు డేటా డిక్షనరీ అందురు. మనము గడుల నిఘంటువు అనవచ్చును. మామూలు నిఘంటువులో మాటకు అర్థముండును. ఇందులో గడికి అర్థముండును. గడి పేరేమి, అందు వ్రాయునది అక్షరమా, అంకెయా, తేదీయా, ఎంత పొడవు పట్టును, ఖాళీగా వదలవచ్చునా, కొలమానమేమి, అంకెలు గుర్తులైనచో ఏ గుర్తు దేనికి, ఆ విషయమును ఎవరు ఎప్పుడు నింపుదురు అనునవి అందుండును. క్రొత్తగా లెక్క మొదలుపెట్టువారు దీనిని ముందే వ్రాసికొందురు. మన సంగతి అది కాదు. లెక్క ముందు పుట్టినది; నిఘంటువును ఇప్పుడు దానిలోనుండి తీయవలెను.

ఇది నేతగానికి బొత్తిగా తెలియని విద్య కాదు. ఎవరైన పాత చీర తెచ్చి ‘అచ్చముగా ఇట్టిదే కావలె’ నన్నపుడు మనమేమి చేయుదుము? అంచు దగ్గర నాలుగు పోగులు లాగి, అద్దము పెట్టి అంగుళమునకు పడుగెన్ని, పేకెన్ని అని లెక్కించి, నూలు నంబరు అంచనా కట్టి, అల్లికను గళ్ల కాగితము మీదికి దింపుదుము. గుడ్డ తన సంగతి కొంత తానే చెప్పును. కాని ఆ చీర ఏ పెండ్లికి నేసినది, ఎంతకు అమ్మినది, ఆ రంగు ఎన్ని ఉతుకులకు నిలిచినది అన్నది గుడ్డ చెప్పదు, కట్టినామె నడుగవలెను. కంప్యూటరు చిట్టాయు అంతే. కొంత యంత్రము చెప్పును, కొంత మనుషులు చెప్పవలెను.

యంత్రము చెప్పు భాగము

లెక్కలను పట్టికలుగాను, పట్టికలను వరుసలు గడులుగాను ఉంచు పద్ధతిని 1970లో ఐ.బి.ఎమ్. లో పనిచేయుచుండిన ఎడ్గార్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించెను. 1985లో ఆయన ప్రకటించిన నియమములలో నాలుగవది మనకు ముఖ్యము. డేటాబేసు తనలో ఏ పట్టికలున్నవో, ఏ గడులున్నవో ఆ వివరమును గూడ పట్టికలుగనే దాచుకొనవలెననియు, మామూలు లెక్కను అడుగు భాషలోనే దీనిని గూడ అడుగగలుగవలెననియు దాని సారము. అనగా చిట్టా లోపలనే చిట్టాను గురించిన చిట్టా యొకటి కలదు. మై ఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ వంటి వానిలో దాని పేరు ‘ఇన్ఫర్మేషన్ స్కీమా’. అందులోని ‘కాలమ్స్’ అను పట్టికను చూపుమన్నచో పట్టిక పేరు, గడి పేరు, రకము, పొడవు, ఖాళీ వదలవచ్చునా లేదా అను వివరములన్నియు వరుసగా వచ్చును. ఒరాకిల్ వారు తమ దానికి డేటా డిక్షనరీ అనియే పేరు పెట్టుకొనిరి. మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో లెక్క ఉన్నవారికి ఇంకను సులభము: ‘డేటాబేస్ టూల్స్’ క్రింద ‘డేటాబేస్ డాక్యుమెంటర్’ అను మీట కలదు, దానిని నొక్కిన అచ్చు వేసి యిచ్చును.

అయితే పల్లె సంఘములలో ఆ కాలమున వ్రాసిన ప్రోగ్రాములు తరచు ఫాక్స్‌ప్రో లో వ్రాసినవి. విజువల్ ఫాక్స్‌ప్రో కడపటి కూర్పు, తొమ్మిదవది, 2004లో వచ్చినది. 2015 జనవరితో మైక్రోసాఫ్ట్ వారు దానికి సహాయము నిలిపివేసిరి. ప్రోగ్రాము నడువకున్నను భయము లేదు. దాని పట్టికలు డీబీఎఫ్ అను ఫైళ్లలో నుండును, ప్రతి ఫైలు నెత్తిమీదనే తనలోని గడుల పేర్లు, రకములు, పొడవులు వ్రాసి యుండును. వెల లేకుండ దొరకు లిబ్రెఆఫీస్ కాల్క్ లో ఆ ఫైలును తెరచిన, మొదటి వరుసలో గడి పేరు, కామా, రకపు అక్షరము, కామా, పొడవు కనబడును. ‘సీ’ యనగా అక్షరములు, ‘ఎన్’ అనగా అంకెలు, ‘డీ’ యనగా తేదీ, ‘ఎల్’ అనగా అవును-కాదు. ఆ మొదటి వరుసను అడ్డముగా నున్నదానిని నిలువుగా ఎత్తి వ్రాసికొన్న నిఘంటువునకు అస్థిపంజరము ఏర్పడినది.

తెరచుటకు ముందు ఫైళ్లకు నకలు తీసి, అసలును వేరొక చోట దాచి, నకలు మీదనే పని చేయవలెను. ఈ మాట కంప్యూటరు పుస్తకములన్నింటిలో నుండును, అయినను చెప్పక తప్పదు. లిబ్రెఆఫీస్‌లో తెరచి, పొరపాటున ‘సేవ్’ నొక్కిన పాత ఫైలు రూపు మారవచ్చును.

పేర్లు పొట్టిగా, వింతగా నుండుటకు గూడ ఒక కారణము కలదు. ఈ జాతి ఫైళ్లలో గడి పేరు పది అక్షరములకు మించరాదు. ‘థ్రిఫ్ట్ డిపాజిట్ బ్యాలెన్స్’ అని వ్రాయదలచినవాడు ‘టీహెచ్ఆర్ డీపీ బీఎల్’ అని వ్రాసి ఊరకుండెను. కొందరు మరాఠీ మాటను ఇంగ్లీషు అక్షరములలో కుదించిరి, కొందరు తెలుగు మాటను. మా ఫైలులో ‘ఎస్‌యూటీ’ అని యొక గడి యున్నది. మన యింటి మాటగా చదివిన అది ‘సూటు’ వలె నున్నది. అది మరాఠీ ‘సూత్’, అనగా నూలు.

ఈ ఫైళ్లలో ఇంకొక మర్మము కలదు, దానిని తప్పక ఎరుగవలెను. ఫాక్స్‌ప్రోలో ఒక వరుసను తీసివేసినపుడు అది నిజముగా పోదు. దాని ముందర ఒక నక్షత్రపు గుర్తు పడును, అంతే. ‘ప్యాక్’ అను ఆజ్ఞ ఇచ్చువరకు ఆ వరుస ఫైలులో పడియే యుండును. పాత ప్రోగ్రాము ఆ గుర్తును చూచి వరుసను దాచియుంచెడిది. క్రొత్త ప్రోగ్రాములోనికి మార్చువారు గుర్తును పట్టించుకొనకున్న, ఎప్పుడో కొట్టివేసిన పద్దులన్నియు బ్రతికి వచ్చి కూర్చుండును. ఒకే సభ్యునికి రెండు పొదుపు నిలువలు కనబడుటకు ఇది యొక దారి. కనుక నిఘంటువు మొదటి పుటలోనే ప్రతి పట్టికకు ఉన్న వరుసలెన్ని, కొట్టివేసిన గుర్తు గలవి ఎన్ని అని వ్రాసిపెట్టవలెను.

మనుషులు చెప్పవలసిన భాగము

గడి పేర్లు వచ్చిన తరువాత ప్రతి గడిలోను ఏమున్నదో లెక్క తీయవలెను. ఖాళీలెన్ని, అన్నింటికంటె చిన్న విలువ ఏది, పెద్దది ఏది, వేర్వేరు విలువలెన్ని, ఒక్కొక్కటి ఎన్ని సార్లు వచ్చినది చూడవలెను. కాల్క్ లో ‘ఆటో ఫిల్టర్’ పెట్టిన ఒక గడిలోని వేర్వేరు విలువలన్నియు జాబితాగా తెరచుకొనును. ఈ చూపులోనే సగము సంగతి బయటపడును.

మా సంఘపు సభ్యుల పట్టికలో ‘స్టాట్’ అను గడి యొకటి. అందు 1, 2, 3, 9 అను నాలుగంకెలే వచ్చుచున్నవి. ఒకటి గలవారు అందరు మగ్గమున్నవారు, రెండు గలవారు ఆసు పోయువారు, కండెలు చుట్టువారు, అద్దకపువారు. ఇంతవరకు చూపుతోనే తెలిసినది. మూడు గలవారు పదిమందికి లోపు, అందరు స్త్రీలు. తొమ్మిది గలవారు కొందరు. క్రొత్త ప్రోగ్రాము తెచ్చిన కుర్రవాడు మంచి పనివాడే. ఒకటి రెండు తప్ప మిగిలినవి వాడుకలో లేనట్లున్నవి, వదలివేసి మార్చుదమా అని అడిగినాడు. అతనికి అట్లు తోచుటలో తప్పు లేదు, యంత్రము చెప్పునది అంతే.

మహారాష్ట్రములో సహకార సంఘముల చట్టము 1960 నాటిది. దాని క్రింద సంఘము ఐ నమూనాలో సభ్యుల రిజిస్టరును, జె నమూనాలో సభ్యుల జాబితాను ఉంచవలెను. మా బీరువాలో ఐ నమూనా పుస్తకములు చెదలు పట్టకుండ నిలిచినవి. మూడు గలవారి సభ్యత్వపు నంబర్లు తీసికొని ఆ పుస్తకములో చూడగా, ప్రతి పుటలోను పాత పేరు మీద గీత, ప్రక్కన నామినీ పేరు, మరణపు తేదీ యున్నవి. అనగా మూడు అనునది భర్త చనిపోగా ఖాతా తన పేరికి వచ్చి, కార్యవర్గము ఇంకను సభ్యురాలిగా తీర్మానము చేయని వితంతువుల గుర్తు. వాటాధనము, పొదుపు సొమ్ము ఆ వరుసలకే అంటుకొని యున్నవి. తొమ్మిది సంఘము వదలిపోయినవారిది. అందు వాటాధనము తిరిగి పుచ్చుకొననివారును ఉన్నారు. పాత గుమాస్తా ఇంటికి పోయి అడుగగా అదే చెప్పి, ‘మూడో నంబరు నేను పెట్టించిందే, పాపం వాళ్లకు నూలు ఆగకూడదని’ అన్నాడు. ఆ రెండు గుర్తులను వదలివేసి మార్చియుండినచో ఆ యిల్లాండ్ర పేర్లు క్రొత్త లెక్కలో నుండెడివి కావు, తమ సొమ్ముకై వారు కాగితములు పట్టుకొని తిరుగవలసి వచ్చెడిది.

అందుచేత ప్రతి గుర్తు గడికిని ఐదారు వరుసలు తీసి కాగితపు పుస్తకముతో సరిచూడుడు. కాగితములో కొట్టివేత, పైన సవరణ, ప్రక్కన సంతకము కనబడును. తెర మీద సవరించిన అంకె మొదటినుండియు అట్లే యున్నట్లు కనబడును. కాగితమును పాతసామానుగా అమ్మివేయు సంఘములవారు ఈ సంగతి ఒకసారి ఆలోచింపవలెను.

పట్టికలకు తమలో తమకు గల సంబంధము గూడ ఇట్లే చూడవలసినది. నూలు పట్టికలోని సభ్యత్వపు నంబరు సభ్యుల పట్టికలో తప్పక దొరకవలెను. దొరకని వరుసలను వేరుగా తీయుడు. అవి సామాన్యముగా పాత నంబర్లు మార్చిన కాలపువి, లేదా సభ్యులు కానివారికి అరువిచ్చిన నూలు. ఏది యేదో తేల్చి నిఘంటువులో వ్రాయవలెను.

నూలు గడులు

మన వృత్తికి ప్రత్యేకమైన చిక్కు ఇక్కడ నున్నది, కనుక కొంచెము నిదానించి చెప్పవలెను.

నూలు చిట్టాలో ‘నంబరు’ అని గడి యుండును. నూలు నంబరనగా ఒక పౌను బరువుకు 840 గజముల చిలపలు ఎన్ని వచ్చునో ఆ లెక్క. నలభై నంబరైన పౌనుకు నలభై చిలపలు. నంబరు పెరిగిన కొలది నూలు సన్నము. పట్టుకు డెనియర్ లెక్క. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగునో అది డెనియర్. ఇందు అంకె పెరిగిన కొలది పోగు లావు. ఒకటి పొడవును బట్టి, ఒకటి బరువును బట్టి. ఒకదాని కొకటి ఎదురు. మన ప్రాంతములో నూలు మాత్రమే కాక టసర్ గూడ కలదు. గడ్చిరోలి జిల్లాలో ఆర్మోరి వైపునను, గోదావరి అవతల మహదేవపూర్ వైపునను టసర్ పని యున్నది. నూలును టసర్‌ను ఒకే పట్టికలో వ్రాసి, ఏది యేదో తెలుపు గడి లేకున్న, నలభై అను అంకె చూచి అది సన్నమో లావో చెప్పలేము. నంబరు ప్రక్కన రకపు గడి తప్పక యుండవలెను. లేకున్న ధరను బట్టి విడదీసి, అట్లు విడదీసినట్లు నిఘంటువులో వ్రాయవలెను.

తరువాత జంట నూలు. రెండు పోగులు పురిపెట్టిన నలభై నంబరును మనము 2/40 అని వ్రాయుదుము. లావులో అది ఇరువది నంబరు ఒంటిపోగు వంటిది. దీనిని ఎక్సెల్ గడిలో అట్లే కొట్టి చూడుడు. ఎక్సెల్ దానిని తేదీ యనుకొని 1940 ఫిబ్రవరి చేసి కూర్చుండబెట్టును! అంకెల గడి మాత్రమే యున్న పాత ప్రోగ్రాములో ఆ గీత పట్టదు గనుక గుమాస్తాలు 240 అని వ్రాసిరి. 240 నంబరు నూలు మన మగ్గముల మీద ఎవరును చూచియుండరు. కనుక ‘240, 260 అనునవి 2/40, 2/60 జంట నూలు’ అని నిఘంటువులో ఒక వాక్యము చాలును. ఆ వాక్యము లేకున్న క్రొత్తవాడు వానిని తప్పుడు పద్దులని తుడిచివేయును.

మూడవది కట్ట. పాత కట్ట పది పౌనులు, అనగా 4.536 కిలోలు, నలభై నంబరులో 400 చిలపలు. అయిదు కిలోల కట్టలును వచ్చుచున్నవి. ‘పరిమాణము: 100’ అని యున్న గడి వందకట్టలా, వంద కిలోలా? కట్టలైన ఏ కట్టలు? ఒక్కొక్క కట్టకు తేడా 464 గ్రాములు. నూరు కట్టలకు 46 కిలోల పైచిలుకు, అనగా పది పాత కట్టల నూలు. సభ్యుడు తిరిగి యిచ్చిన గుడ్డ బరువుతో ఈ లెక్క తాళె పడనపుడు నేతగాడు నూలు మిగుల్చుకొన్నాడను మాట వచ్చును. తప్పు నేతగానిది కాదు, కొలమానము వ్రాయని గడిది. ముడి సరకు సరఫరా పథకము క్రింద నూలు మీద ప్రభుత్వము వారిచ్చు రాయితీ లెక్కయు కిలోల మీదనే నడచును గనుక, దీనిని ఇప్పుడే తేల్చుకొనుట మంచిది.

పుంజము మాటయు ఇట్టిదే. పుంజమునకు 60 పోగులని లెక్కించిన చోట్లున్నవి, 120 అని లెక్కించిన చోట్లున్నవి. పడుగు పట్టికలో ‘పీజే’ అను గడి యున్నవారు తమ ఊరి పెద్ద ఆసామినడిగి పోగులలో వ్రాసికొనుడు.

వయస్సు, మగ్గముల గడులు

వయస్సు గడి చూచుటకు అమాయకముగా నుండును. అందు 34 అని యున్నది. ఎప్పటికి 34? సభ్యుడు చేరిననాడు వ్రాసిన వయస్సు ఆ తరువాత పెరుగదు, మనిషి పెరుగును. ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాలో చేరుటకు 18 నుండి 50 ఏండ్ల వయస్సు ఉండవలెను, సురక్షా బీమాకు 70 వరకు. పాత గడిని నమ్మి జాబితా కట్టినచో యాబది దాటిన వారి పేర్లు వెళ్లి తిరిగివచ్చును. తీరా సమయము మించినాక అర్హులైనవారు మిగిలిపోవుటయు కలదు. నిఘంటువులో ఆ గడికి ఎదురుగా ‘చేరిన తేదీనాటి వయస్సు, ఇప్పటి వయస్సుకు వాడరాదు’ అని వ్రాసి, పుట్టిన తేదీకి వేరుగా గడి పెట్టుకొనవలెను.

మగ్గముల సంఖ్య గడిలో నడచు మగ్గములా, ఇంట నున్న మగ్గములా? అటకమీద విప్పి పెట్టిన ఫ్రేము మగ్గము లెక్కకు వచ్చునా? 1985 నాటి చేనేత రిజర్వేషను చట్టములో చేనేత మగ్గమనగా పవర్‌లూమ్ కాని ఏ మగ్గమైనను అని యున్నది. అది చట్టపు అర్థము. మన పట్టిక అర్థము మన మే వ్రాసికొనవలెను.

ఇది చిన్న సంఘపు చిన్న చిక్కు మాత్రమే కాదు. దేశమంతటి చేనేత లెక్కలు 1987-88, 1995-96, 2009-10, 2019-20లలో నాలుగుసార్లు తీసిరి. మూడవసారి నేతవారు, అనుబంధ పనివారు కలిసి 43.31 లక్షలని చెప్పిరి. అందులోనే పెద్దలను మాత్రము తీసికొన్న 38.47 లక్షలు. నాలుగవసారి 35.22 లక్షలు. ఇండ్ల సంఖ్య చూడబోతే 27.83 లక్షలనుండి 31 లక్షలు దాటినది. మనుషులు తగ్గి యిండ్లు పెరుగుట వింతగా తోచును. మూడవ లెక్కలో, ఏడాదిలో ఒక్క దినమైనను మగ్గము మీద పనిచేసిన మనిషి యున్న ఇల్లు చేనేత ఇల్లు. ‘ఇల్లు’, ‘నేతవాడు’ అను గడుల అర్థమును ప్రక్కన పెట్టుకొనకుండ ఆ అంకెలతో సభలలో వాదించువారిని చూచినపుడు నాకు మా ‘స్టాట్’ గడియే జ్ఞప్తికి వచ్చును.

సరిహద్దువారి ప్రత్యేకపు కష్టములు

సిరొంచ వైపు సంఘములకు మూడు భాషల బరువు కలదు. మాట తెలుగు, కచేరి మరాఠీ, కంప్యూటరు ఇంగ్లీషు. మన పేరులో ఇంటిపేరు ముందు వచ్చును. మరాఠీ ఫారములో తన పేరు, తండ్రి పేరు లేక భర్త పేరు, చివర ఇంటిపేరు. ఒకే పేరు గడిలో రెండు పద్ధతులును కలసిపోయిన పట్టికలో, పెండ్లికి ముందు చేరి, తరువాత మగ్గపు ఋణము తీసికొన్న ఆడపడుచు ఇద్దరుగా కనబడును. ఇంగ్లీషు అక్షరములలో దీర్ఘము వ్రాసినవారొకరు, వ్రాయనివారొకరు. కనుక పేరు గడి అర్థములో ఏ క్రమమున వ్రాసినది, ఏ సంవత్సరమునుండి క్రమము మారినది అని యుండవలెను. ఇద్దరు ఒకరే యని తేల్చుటకు పేరును గాక సభ్యత్వపు నంబరును పుట్టిన తేదీని వాడవలెను.

కొన్ని గడులు తెరచిన పిచ్చి అక్షరములు కనబడును. అవి చెడిపోయినవి కావు. యూనికోడ్ వాడుకలోనికి రాకముందు తెలుగు అను ఫాంట్లలోను, మరాఠీ శ్రీలిపి, కృతిదేవ్ ఫాంట్లలోను కొట్టెడివారు. లోపల నుండునది ఇంగ్లీషు అక్షరపు సంకేతము, పైన ఫాంటు వేసిన వేషము. ఫాంటు పేరు తెలిసిన మార్చుటకు సాధనములు కలవు. అందుచేత ఫాంటు పేరును గూడ నిఘంటువులో ఒక కాలముగా ఉంచవలెను. ఆ పేరు తెలిసినది కొట్టినవాడొక్కడే. అతడు ఊరిలో నుండగనే అడుగుడు.

జిల్లా గడి సంగతి మరింత చిత్రము. సిరొంచ 1956 నవంబరు 1న మధ్యప్రదేశ్ నుండి బొంబాయి రాష్ట్రమునకు, 1960 మే 1న మహారాష్ట్రకు వచ్చినది. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా ఏర్పడువరకు చంద్రపూర్ జిల్లాలోనిది. అవతలి యొడ్డున మహదేవపూర్ 2014 జూన్ 2న ఆంధ్రప్రదేశ్ నుండి తెలంగాణకు, 2016 అక్టోబరు 11న కరీంనగర్ నుండి జయశంకర్ భూపాలపల్లి జిల్లాకు మారినది. ఊరు కదలలేదు, నది కదలలేదు. గడిలోని జిల్లా మాత్రము మారినది. అవతలి బంధువుల పేర నామినీలున్న మన పట్టికలలో ‘కరీంనగర్’ అని యున్నచో అది తప్పు కాదు, 2016కు ముందరి వ్రాత. జిల్లా గుర్తుకు ఎదురుగా ఏ తేదీనుండి ఏ తేదీవరకు చెల్లునో వ్రాయవలెను. సవరించునపుడు పాత వరుసలోని జిల్లాను చెరపక, ఇప్పటి జిల్లాకు వేరొక గడి చేర్చుట మేలని నా అభిప్రాయము. పాత పత్రములతో సరిచూచుకొనవలసినపుడు ఆ పాత పేరే దారి చూపును.

పద్దు వ్రాయు తీరు

ఒక గడికి పద్దు ఎట్లుండవలెనో నమూనా యిచ్చుచున్నాను. ‘పట్టిక: సభ్యులు. గడి: స్టాట్. రకము: అంకె, పొడవు ఒకటి. ఖాళీ: ఉండరాదు. అర్థము: సభ్యుని స్థితి. 1 మగ్గము గల నేతవారు. 2 అనుబంధ పనివారు. 3 మరణించిన సభ్యుని నామినీ, తీర్మానము కావలసినది. 9 సంఘము వదలినవారు, వాటాధనము నిలువ యుండవచ్చును. నింపువారు: గుమాస్తా, కార్యదర్శి చూచిన పిమ్మట. ఎట్లు తెలిసినది: ఐ నమూనా పుస్తకముతో సరిచూచి, పాత గుమాస్తా నడిగి. వ్రాసిన తేదీ, సంతకము.’ ‘ఎట్లు తెలిసినది’ అను భాగమును పుస్తకములు అంతగా చెప్పవు. నాకు అదే ముఖ్యముగా తోచును. అంచనాగా వ్రాసినదియు, రుజువు చూచి వ్రాసినదియు ఒకే రీతిగా కనబడరాదు.

యాక్సెస్ వాడువారు ప్రతి గడి ప్రక్కన నుండు ‘డిస్క్రిప్షన్’ లో ఈ అర్థమును వ్రాయవచ్చును. మై ఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌లలో గడికి ‘కామెంట్’ పెట్టు వసతి కలదు. అప్పుడు అర్థము చిట్టాతోనే ప్రయాణము చేయును, ప్రతిసారి యంత్రమే నిఘంటువును అచ్చు వేయును. అయినను కాగితపు ప్రతి యొకటి ఐ నమూనా పుస్తకముతో కలిపి బీరువాలో నుంచుడు.

నిఘంటువులో ఉదాహరణకై సభ్యుల అసలు పేర్లు, ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఎక్కింపరాదు. ఆ పుస్తకము నలుగురి చేతికి పోవునది. ఏ గడులలో ఇట్టి సొంత వివరములున్నవో మాత్రము గుర్తు పెట్టవలెను. వ్యక్తుల డిజిటల్ వివరముల రక్షణకు 2023లో చట్టము వచ్చినది, జాబితా బయటి కెవరికి ఇచ్చినను ఆ గడులను ముందు తీసివేయవలెను.

పని ఎంత కాలము పట్టునని అడుగుదురు. గడుల పేర్లు తీయుటకు ఒక పూట. అర్థములు వ్రాయుటకు మాకు ఒక వానకాలము పట్టినది, మజూరి బట్వాడా లేని దినములలో కూర్చుండి చేసితిమి. అన్నియు తేలలేదు. సభ్యుల పట్టికలో ‘ఫ్లాగ్ రెండు’ అను గడి యొకటి కలదు. కొందరికి అందు ‘వై’ అను అక్షరము పడియున్నది. ఐ నమూనాతో చూచితిమి, నూలు చిట్టాతో చూచితిమి, పాత గుమాస్తా నడిగితిమి. దానికి ఎదురుగా ‘అర్థము తెలియలేదు, తుడువరాదు, క్రొత్త పట్టికలోనికి ఉన్నది ఉన్నట్లు తీసికొనిపోవలెను’ అని వ్రాసి, తేదీ వేసి, సంతకము చేసి ఉంచితిమి.